బైపోలార్ అన్నారు, మందులు వాడుతున్నా. కానీ రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది, ఏం చేయాలి?

అడిగినవారు: ఎనుమాముల గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తాను. వయసు 33. పెళ్లయింది, చిన్న పాప ఉంది. ఈమధ్యే డాక్టరు నాకు బైపోలార్ డిజార్డర్ అని చెప్పారు. మందులు మొదలయ్యాయి. నిద్ర మాత్రం దారికి రాలేదు. దాని గురించే అడుగుతున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

దీపావళి దాటాక పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో ఇది మొదలైంది. మామూలుగా నేను పదింటికి పడుకుంటే పొద్దున లేపేదాకా లేవని మనిషిని. అప్పుడు మాత్రం రెండు మూడు గంటలు కన్ను మూస్తే చాలనిపించేది. లేచాక అలసట అన్నదే లేదు. అర్ధరాత్రి లేచి తక్‌పట్టీలు (సరుకు అమ్మకం చీటీలు) ముందరేసుకుని, ఎవరూ అడగని పాత లెక్కలన్నీ మళ్లీ కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. కోల్డ్ స్టోరేజీ పెట్టాలి, నర్సంపేట రోడ్డులో జాగా కావాలి అని తెల్లవారుజామున ఒక బ్రోకర్‌ను నిద్ర లేపి మాట్లాడాను. ఆలోచనలు ఎంత వేగంగా వచ్చేవంటే నోరు వాటిని అందుకోలేకపోయేది. మొదట్లో సేటు సంతోషపడ్డాడు. ఇంట్లో కూడా "పిలగాడు బాగా కష్టపడుతున్నాడు" అనుకున్నారు. చివరికి ఒకరోజు వేలం నడుస్తుండగా ఖరీదుదారుల మీదికి అరుచుకుంటూ పోయానట. హమాలీలు పట్టుకుని కూర్చోబెడితే మా బావమరిది వచ్చి తీసుకెళ్లాడు. నాకు అందులో సగమే గుర్తుంది.

ఇప్పుడు లిథియం రెండు పూటలా, రాత్రికి క్వెటియాపిన్ వేసుకుంటున్నాను. ఆ పరుగు ఆగింది. పదకొండింటికి గోలీ వేసుకుంటే వెంటనే నిద్ర పడుతుంది. రెండింటికల్లా మెలకువ వస్తుంది. నోరు ఎండిపోయి ఉంటుంది. నీళ్లు తాగి, బాత్రూంకు పోయి వచ్చి పడుకుంటే ఇక కన్ను మూతపడదు. ఫోన్ తీసి టైం చూస్తాను, మళ్లీ కాసేపటికి చూస్తాను. పోయినసారి కూడా నిద్ర తగ్గడంతోనే కదా మొదలైంది, మళ్లీ అదే వస్తోందా అని టెన్షన్. ఆ టెన్షన్‌తో గుండె దడ. తీరా ఐదింటికి కళ్లు బరువెక్కుతాయి, అప్పటికి మార్కెట్‌కు తయారయ్యే టైం. పొద్దంతా తల దిమ్ముగా ఉంటుంది. మొన్న బస్తాల లెక్క చెప్తుంటే తూకం వేసే దడ్వాయి నా మొహం చూసి "ఒంట్లో బాలేదా అన్నా" అని అడిగాడు.

ఇప్పుడు మిర్చి సీజన్. బండ్లు రాత్రంతా దిగుతూనే ఉంటాయి. రాత్రిపూట కూడా దుకాణంలో ఉండమని సేటు అంటున్నాడు. బావమరిదేమో ఒక క్వార్టర్ వేస్తే పొద్దున దాకా లేవవు అంటాడు. తెలిసిన మెడికల్ షాపాయన అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర ఇస్తానన్నాడు. అమ్మ శివరాత్రికి వేయిస్తంభాల గుడిలో జాగారం చేస్తామని మొక్కుకుంది, నేను కూడా కూర్చోవాలట.

నేను అడిగేది: ఈ రెండింటి మెలకువ జబ్బు మళ్లీ వస్తున్న గుర్తా, లేక నా భయమేనా? ఆ తేడా ఎలా తెలుసుకోవాలి? డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లడానికి ఇంకా టైం ఉంది. ఓపీలో జనం ఎక్కువ, పోయినసారి ఇవన్నీ చెప్పేలోపే నా వెనక ఉన్న వాళ్లను పిలిచేశారు.

---

జవాబు: హన్మకొండ టీచరక్క

తమ్ముడూ, నీకంటే వయసులో పెద్దదాన్ని కాబట్టి అలాగే పిలుస్తున్నాను. నాకు ఈ జబ్బు అని తెలిసింది 2011లో. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను, ఇద్దరు పిల్లల తల్లిని. నువ్వు రాసిన ఆ రాత్రి రెండింటి మెలకువ నాకు బాగా తెలుసు.

ముందు నువ్వడిగిన తేడా గురించి. నిద్ర రావడం లేదు అనేది ఒకటి, నిద్ర అక్కర్లేదు అనిపించడం ఇంకొకటి. మన జబ్బులో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకటి కాదు. మేనియా, అంటే నువ్వన్న ఆ పరుగు, వచ్చేటప్పుడు మూడు గంటలు పడుకున్నా పొద్దున ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, చేతులు పని వెతుక్కుంటాయి, అందరూ మెల్లగా నడుస్తున్నారనిపిస్తుంది. నువ్వు ఇప్పుడు రాసింది చూడు. పొద్దంతా తల దిమ్ము, కళ్లు బరువు, దడ్వాయి చూసి అడిగేంత అలసట. నేను డాక్టరును కాను, కానీ ఇది పోయినసారి లాంటిది కాదని నాకనిపిస్తోంది. నిద్ర కావాలని నీ ఒళ్లు అడుగుతోంది. అట్లని వదిలేయొద్దు. నిద్ర తగ్గడం మేనియాకు గుర్తు మాత్రమే కాదు, వరసగా నిద్ర చెడితే అది మేనియాను తెచ్చిపెట్టగలదు కూడా. అందుకే ఈ జబ్బున్నవాళ్లం నిద్రను ఇంత పట్టించుకోవాలి.

నేను చేసేది చెప్తాను. నా మంచం పక్కన ఫోన్ ఉండదు, గడియారం ఉండదు. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెడతాను, అలారం కోసం పాతకాలపు గడియారం కొని గోడవైపు తిప్పి పెట్టాను. టైం తెలిస్తే మనసు వెంటనే లెక్కలేస్తుంది, ఇంకా మూడు గంటలే ఉంది, రెండే ఉంది అని. లెక్కలు చెప్పేదాన్ని, ఆ అలవాటు నాకు ఇంకా ఎక్కువ. మెలకువ వచ్చి కాసేపటికీ నిద్ర పట్టకపోతే లేచి హాల్లోకి వెళ్లి, జీరో బల్బు వెలుతురులో బియ్యం ఏరుతాను. నిజంగానే. ఒక చాటెడు బియ్యం పోసుకుని మెరికలు ఏరుతూ కూర్చుంటే ఏ ఆలోచనా ముందుకు పోదు, చెయ్యి మాత్రం కదులుతుంటుంది. కళ్లు మూతపడుతున్నాయి అనిపించగానే మంచం మీదికి. టీవీ పెట్టను. నోటు పుస్తకాలు దిద్దను. నీ విషయంలో తక్‌పట్టీలు అసలే ముట్టుకోవద్దు.

ఇంకొకటి, లేచే టైం మారనివ్వను. రాత్రి ఎంత చెడినా, ఆదివారమైనా, ఎండాకాలం సెలవులైనా ఆరింటికి లేస్తాను, లేవగానే డాబా మీదికి వెళ్లి ఎండ పొడ ఒంటి మీద పడేదాకా నడుస్తాను. పడుకునే టైం మన చేతుల్లో లేదు, లేచే టైం ఉంది. తినే వేళలు కూడా అంతే. మా డాక్టరమ్మ మొదట్లో ఈ మాట చెప్తే, ఇంత మందు ఇచ్చి మళ్లీ ఇదొకటా అని విసుగు పుట్టింది. కానీ బైపోలార్ ఉన్నవాళ్ల కోసం రోజువారీ వేళలు స్థిరంగా ఉంచడం మీదే ఒక చికిత్స పద్ధతి ఉంది, అమెరికాలో ఎలెన్ ఫ్రాంక్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు తయారుచేశారు. మందులకు తోడుగా చేస్తారు దాన్ని.

నీ రాత్రి డ్యూటీ మాట విని నాకు భయమేసింది. రాత్రి డ్యూటీ ఒప్పుకోకు. ఈ సీజన్‌కు కాదు, వచ్చే సీజన్‌కూ కాదు. ఎంత జీతం ఎక్కువిచ్చినా.

జాగారం సంగతి. మాది శివభక్తుల ఇల్లు, పెళ్లయిన కొత్తలో నేను కూడా తెల్లవార్లూ కూర్చున్నదాన్నే. ఇప్పుడు శివరాత్రికి సాయంత్రమే దర్శనం చేసుకుంటాను, ఉపవాసం గురించి డాక్టరమ్మను ముందే అడుగుతాను, రాత్రి మందు వేసుకుని ఇంట్లో పడుకుంటాను. మా అత్తమ్మ నా పేరు మీద కూడా ఆమే కూర్చుంటుంది. అమ్మకు చెప్పు, మొక్కు ఆమె తీర్చవచ్చు, నువ్వు పొద్దున స్నానం చేసి వెళ్లి దండం పెట్టుకో. బతుకమ్మ రోజుల్లో కూడా నేను ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చేస్తాను. పెళ్లి బారాత్‌లకు పోను. ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వు.

చివరగా, నీ భార్యతో కూర్చుని ఒక ఒప్పందం చేసుకో. మా ఇంట్లో ఉన్నది ఇది: వరసగా రెండు రాత్రులు నేను నాలుగు గంటల కంటే తక్కువ పడుకుని, అయినా హుషారుగా కనిపిస్తే, నన్ను అడగకుండానే మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేస్తాడు. ఆ టైంలో నేను "నాకేం కాలేదు" అంటాను కాబట్టి, బాగున్నప్పుడే ఆ అధికారం ఆయనకు ఇచ్చాను. ఆ ఒప్పందం కుదిరాక నాకు రాత్రిళ్లు భయం సగం తగ్గింది. కాపలా కాసే పని నా ఒక్కదాని మీద లేదు కదా.

---

జవాబు: స్టాఫ్ నర్స్, కరీంనగర్

అన్నా, నేను మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేస్తున్నాను. అక్క చెప్పినదానికి మందుల వైపు నుంచి కొన్ని కలుపుతాను. ఏది మార్చాలన్నా మీ డాక్టరును అడిగాకే.

మీరు నోరు ఎండిపోతోంది, నీళ్లు తాగి బాత్రూంకు వెళ్తున్నాను అని రాశారు. నా కన్ను అక్కడే ఆగింది. లిథియం వల్ల చాలామందికి దాహం, మూత్రం ఎక్కువవుతాయి. మిమ్మల్ని రెండింటికి లేపుతున్నది అదే కావచ్చు, భయం ఆ తర్వాత వచ్చి పడుకోనివ్వకపోవచ్చు. దీన్ని డాక్టరుకు తప్పకుండా చెప్పండి, డోసు వేళలు మార్చి చూస్తారు. మీ అంతట మీరు నీళ్లు తగ్గించుకోవద్దు. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ముందు ఎండాకాలం, పైగా మీది యార్డులో పని. నీళ్లు, మజ్జిగ దగ్గర పెట్టుకోండి, ఉప్పు ఉన్నట్టుండి మానేయకండి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి గోలీ వేసుకోకుండా వెంటనే దవాఖానకు వెళ్లాలి.

లిథియం లెవెల్ పరీక్ష చేయించారా? రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దుటి గోలీ రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు. దాంతోపాటు థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కూడా అప్పుడప్పుడు చూడాలి. ఇన్ని పరీక్షలేంటి అని భయపడకండి. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకు ఇది పనిచేస్తుందని 1949లో రాశాడు. అంత పాతది కాబట్టే దాని మంచీ చెడూ డాక్టర్లకు బాగా తెలుసు.

క్వెటియాపిన్ పదకొండింటికి వేసుకుని ఐదింటికి లేస్తే తల దిమ్ముగానే ఉంటుంది. ఇంకా ముందు వేసుకోవచ్చా అని అడగండి. చాలామందికి ఆ చిన్న మార్పే సరిపోతుంది.

క్వార్టర్ వద్దు. మద్యం మొదట మత్తు ఇచ్చి, రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుంది. పైగా మీ రాత్రి మందుతో కలిస్తే ప్రమాదం. అల్ప్రాజోలం కూడా మెడికల్ షాపు మాట మీద వద్దు. డాక్టర్లు కూడా అవసరమైతే ఆ రకం మందులు కొద్దిరోజులకు రాస్తారు, అది వేరు. అలవాటైతే మానడం కష్టం, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మన తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ మందు కూడా ఒకటి. కల్లు దొరకని రోజుల్లో జనం వణికిపోతూ, పిచ్చి చూపులు చూస్తూ దవాఖానకు రావడం నేను డ్యూటీలో కళ్లారా చూశాను. మీకు కల్లు అలవాటుంటే అది కూడా దాచకుండా డాక్టరుకు చెప్పండి.

మిర్చి యార్డు కాబట్టి ఇంకో మాట. ఘాటుకు తుమ్ములు, ముక్కు దిబ్బడ వస్తే షాపులో జలుబు గోలీ అడుగుతారు కదా. వాటిలో కొన్నింట్లో ఉండే ముక్కు దిబ్బడ తగ్గించే మందు నిద్రను పాడుచేస్తుంది, బైపోలార్ ఉన్నవాళ్లకు అసలు మంచిది కాదు. ఒళ్లు నొప్పులకు వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లిథియంను పెంచుతాయి. ఏ గోలీ కొన్నా "నేను లిథియం వాడుతున్నాను" అని ముందే చెప్పడం అలవాటు చేసుకోండి.

మార్కెట్‌లో చాయ్ గంటకొకటి నడుస్తుందని తెలుసు. మధ్యాహ్నం తర్వాతవి తగ్గించండి, కానీ మెల్లమెల్లగా. చాయ్, కాఫీ ఒక్కసారిగా మానేస్తే కూడా లిథియం లెవెల్ పెరుగుతుంది. ఇది చాలామందికి తెలియదు.

నెట్‌లో నిద్రలేమికి "మంచం మీద గడిపే గంటలు తగ్గించండి" అనే పద్ధతి కనిపిస్తుంది. మామూలు నిద్రలేమికి అది మంచిదే. బైపోలార్ ఉన్నవాళ్లకు మాత్రం తక్కువ నిద్ర మేనియాను లేపుతుంది కాబట్టి ఆ విషయం తెలిసిన డాక్టరు లేకుండా చేయొద్దు. సాయంత్రం నుంచి వెలుతురు తగ్గించడం మాత్రం నిక్షేపంగా చేయవచ్చు. నార్వేలో మేనియాతో చేరినవాళ్లకు సాయంత్రం నుంచి పొద్దున దాకా నీలి కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టి చూశారు, మందులతో పాటు అవి కూడా పెట్టుకున్నవాళ్లు త్వరగా తేరుకున్నారని 2016లో ప్రచురించారు. ఆ అద్దాలు కొనమని చెప్పడం లేదు, ట్యూబులైట్లు, ఫోన్లు ఆపమంటున్నాను.

డాక్టరు దొరికేదాకా ఆగలేనప్పుడు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 2022 నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, మళ్లీ ఆ పరుగు మొదలైనట్టు ఇంట్లోవాళ్లకు అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా వెళ్లండి. మీకు దగ్గర్లోనే ఎంజీఎం దవాఖాన ఉంది.

---

జవాబు: పరకాల అమ్మ

బిడ్డా, నా కొడుక్కు ఇదే జబ్బు. వాడు ఇంజనీరింగ్ చదువుతుండగా వచ్చింది. నేను రాసేది నీ కోసం కాదు, మీ ఇంట్లోవాళ్లకు చూపించు.

పొద్దున లేవగానే "నిద్ర పట్టిందా, ఎన్ని గంటలు పట్టింది" అని అడగొద్దు. అట్ల అడుగుతుంటే వాడు పడుకునేటప్పుడే రేపు అమ్మకు ఏం చెప్పాలా అని భయపడేవాడు. ఒకరోజు నాతో అనేశాడు. అప్పటి నుంచి క్యాలెండర్ కాగితం మీద వాడే రాసి పెడతాడు, ఎప్పుడు పడుకున్నా, ఎప్పుడు లేచినా, లేచాక అలసటగా ఉందా హుషారుగా ఉందా అని. మందు వేసుకుంటే పక్కన ఒక టిక్కు. నేను వాడు బయటికి పోయాక చూసుకుంటాను. ఓపీకి పోయినప్పుడు ఆ కాగితమే డాక్టరు చేతిలో పెడతాం. నోటితో చెప్పే టైం ఉండదు కదా, కాగితం అయితే ఆయన కూడా ఒక్క చూపులో చదివేస్తాడు. నువ్వు లెక్కలు రాసేవాడివి, నీకిది అలవాటైన పనే.

మీ అమ్మ మొక్కుకుందని కోపం చేయకు. ఆమెకు తెలిసింది ఆమె చేస్తోంది. మందు మాన్పించకపోతే చాలు.

---

ఎనుమాముల గుమాస్తా

ముగ్గురికీ దండాలు. పాప పడుకున్నాక నా భార్యకు మొత్తం చదివి వినిపించాను. అక్క చెప్పిన ఒప్పందం దగ్గర తను చాలాసేపు ఏడ్చింది. పోయినసారి ఎవరికి చెప్పాలో, చెప్తే నేనేమంటానో తెలియక లోపల్లోపలే నలిగిపోయిందట. మా ఇంటి ఒప్పందం కూడా రెండు రాత్రులే. డాక్టరు నంబరు ఇప్పుడు తన ఫోన్‌లో ఉంది.

నర్సు తమ్ముడు చెప్పినట్టు డాక్టరుకు ఫోన్ చేశాను. రాత్రి గోలీ తొమ్మిదింటికి మార్చారు, లెవెల్ పరీక్ష రాసి రిపోర్టుతో రమ్మన్నారు. దాహం మాట పోయినసారి నా నోటికే రాలేదు. కాగితం కూడా మొదలుపెట్టాను.

అమ్మ శివరాత్రికి ఒప్పుకుంది. సేటుతోనే ఇబ్బంది. రాత్రి డ్యూటీ చేయనంటే ఎందుకు అని అడుగుతాడు. జబ్బు పేరు చెప్పాలా?

---

హన్మకొండ టీచరక్క

చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం తమ్ముడూ, ఎవరూ బలవంతం చేయలేరు. నేను మా స్కూల్లో ప్రిన్సిపల్ ఒక్కరికే చెప్పాను, అది కూడా ఆమె నమ్మకస్తురాలని తేలాక. నీకు అట్లాంటి నమ్మకం కుదిరేదాకా, రాత్రి పని చేయకూడదు, వేళకు నిద్ర తప్పనిసరి అని మీ డాక్టరుతో ఒక చీటీ రాయించుకో. దాని మీద జబ్బు పేరు ఉండాల్సిన పని లేదు. రిపోర్టుతో వెళ్లినప్పుడే అడుగు, మళ్లీ ఇంకోసారి తిరగకుండా. పగటి లెక్కలన్నీ నేనే చూసుకుంటాను, రాత్రికి బండ్ల దగ్గర ఇంకొకరిని పెట్టండి అని సేటుకు నువ్వే ముందు చెప్పు. సీజన్ మధ్యలో నమ్మకమైన గుమాస్తాను ఏ సేటూ వదులుకోడు.